తొర్ర ఉన్న చెట్టు

చెట్టు చుట్టుకొలత తీయడానికి ఒక ఎత్తు ఉంది. నేల నుంచి 1.37 మీటర్లు, పాత లెక్కలో నాలుగున్నర అడుగులు. ఫారెస్టు వాళ్లు దాన్ని ఛాతీ ఎత్తు అంటారు. వాలులో నిలబడ్డ చెట్టునైతే ఎగువ వైపు నుంచి కొలవాలి. ఆ ఎత్తుకు లోపే రెండుగా చీలితే రెండు చెట్ల కింద రాసుకోవాలి. బూరుగులా మొదలు దగ్గర వేళ్లు గోడల్లా లేస్తే, ఆ గోడలు దాటాక టేపు చుట్టాలి. ఏటా వానలు తగ్గాక బుట్టాయగూడెం వైపు వెళ్లి, పాపికొండల అడవి అంచున, అనుమతి ఉన్నంత మేర నేను చేసే పని ఇదే. అడవిని చూడటం నాకు ఈ టేపు వల్లే వచ్చింది.

తాడేపల్లిగూడెం నుంచి నల్లజర్ల, కొయ్యలగూడెం మీదుగా పోతుంటే దారి పొడవునా ఆయిల్‌పామ్, తర్వాత జామాయిల్ తోటలు. అక్కడ ఒక చెట్టును కొలిస్తే తోటంతా కొలిచినట్టే. ఒకే ఏడు నాటినవి, ఒకే లావు, నరికేదీ ఒకేసారి. అడవిలో అలా కుదరదు. మణికట్టంత లావువి లెక్కపెట్టలేనన్ని ఉంటాయి, తొడంత లావువి తక్కువ, ఇద్దరు చేతులు చాచినా అందనివి ఎక్కడో ఒకటి. పైన నల్లమద్ది, బండారు, వేగిస. వాటి నీడన తుమికి. అడుగున వెదురు. ఈ అంతస్తులన్నిటినీ కలిపి కుడుతూ అడ్డతీగ. పెద్ద మాను ఒకటి కూలినచోట వెలుగు పడి, అన్నాళ్లూ ఎదగక ఆగిపోయిన మొక్కలు ఒక్కసారిగా లేస్తాయి. ఇక్కడ లావు చూసి వయసు చెప్పడం సాహసమే. టేకులా ఏటా స్పష్టమైన వలయం వేసే చెట్లు మన అడవుల్లో కొన్నే.

కొన్నేళ్లుగా నా పుస్తకంలో జాతి, చుట్టుకొలత పక్కన ఇంకో గడి గీసుకుంటున్నాను. తొర్ర ఉందా? పైకొమ్మ చచ్చిందా? చెట్టు నిలువునా ఎండిందా? వడ్రంగి పిట్ట తన గూడు తనే తొలుచుకోగలదు. హార్న్‌బిల్‌కు ఆ శక్తి లేదు. దానికి తయారుగా ఉన్న తొర్ర కావాలి. ఆడపిట్ట అందులో దూరి, సన్నని చీలిక వదిలి వాకిలి పూడ్చుకుంటుంది. మగపిట్ట ఆ చీలికలోంచే మేత అందిస్తుంది. అంత పెద్ద పిట్ట పట్టే తొర్ర పడాలంటే చెట్టు బాగా ముదరాలి, కొమ్మ విరగాలి, లోపల చేవ కుళ్లాలి. అన్నీ కాలం చేసే పనులు.

అమెరికా వాయవ్యాన, మన పిల్లలు ఉద్యోగాలు చేసే సియాటిల్ చుట్టుపక్కల, డగ్లస్ ఫర్ అడవులున్నాయి. పాత అడవిని దేన్నిబట్టి గుర్తించాలో 1981లో జెర్రీ ఫ్రాంక్లిన్, ఆయన సహచరులు ఒక నివేదికలో రాశారు. బతికున్న మహావృక్షాలు, నిలువునా ఎండిన మానులు, నేల మీద పడ్డ దుంగలు, వాగుల్లో పడ్డ దుంగలు. నాలుగింట మూడు చచ్చినవే! డగ్లస్ ఫర్ లాంటి పైన్ కుటుంబపు చెట్టు ఏదీ మన కొండల్లో పుట్టింది కాదు. అరకు, చింతపల్లి వైపు కనిపించేవి నాటినవి. అయినా ఆ కొలబద్ద మనకూ పనికొస్తుంది, ఒక సవరణతో. అక్కడి చలిలో పడిన దుంగ శతాబ్దాలు ఉంటుంది. ఇక్కడ చెదలు, వేసవి మంటలు దాన్ని త్వరగానే మట్టిలో కలిపేస్తాయి. అందుకే మన దగ్గర నిలబడి ఉన్న తొర్ర చెట్టుకే ఎక్కువ విలువ ఇవ్వాలంటాను.

పాత అడవి అంటే మనిషి అడుగు పడనిది అనే మాటను నేను ఒప్పుకోను. ఈ కొండల్లో కొండరెడ్లు, కోయలు తరతరాలుగా ఉన్నారు. పోడు కొట్టినప్పుడు కూడా మామిడి, ఇప్ప, జీలుగు చెట్ల మీద గొడ్డలి పడనివ్వలేదు. జీలుగు కల్లు వాళ్లకు ఎండాకాలపు ఆహారం. అడవి మధ్య ముసలి చింతలు, మామిళ్లు గుంపుగా కనబడితే అక్కడ ఒకప్పుడు ఊరు ఉందేమోనని చూస్తాను.

ముసలి చెట్టు పోతే ఏమవుతుందో కొల్లేరు దగ్గరి వాళ్లకు తెలుసు. అప్పటి పశ్చిమ గోదావరి జిల్లాలోని ఆరేడు అనే గ్రామంలో చెట్ల మీద గూళ్లు కట్టుకున్న గూడబాతుల గురించి కె.కె.నీలకంఠన్ 1949లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో రాశారు. ఆ గూళ్లు ఇప్పుడు లేవు. కొల్లేటి అంచునే ఉన్న ఆటపాకలో అటవీశాఖ ఇనుప స్టాండ్లు వేసింది, వాటి మీద గూడబాతులు పిల్లలను చేస్తున్నాయి. సంతోషమే, మంచి పని. కానీ గూడబాతుకు కావలసింది పుల్లలు పేర్చుకునే చోటు. ఇనుముతో తొర్ర చెట్టును, దాని చుట్టూ ఉన్న అంతస్తులను తయారుచేయలేం.

పాపికొండలు 2008లో జాతీయ పార్కు అయ్యాయి. ఆ కొండల మధ్య గోదావరిని నిలిపే పోలవరం జలాశయం పూర్తి మట్టం 45.72 మీటర్లు. తాత్కాలికపు కట్ట అయిన కాఫర్‌డ్యామ్ వెనక నిలిచిన నీటికే కొరుటూరు లాంటి ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఒడ్డునున్న ముసలి చింతలు, మద్దులు ఆ నీటి దారిలోనే ఉన్నాయి. పోయిన అడవికి బదులు ఇంకోచోట మొక్కలు నాటమంటుంది చట్టం, ఎకరాల లెక్కన. కలప లెక్కలో తొర్ర పడ్డ చెట్టు ధర తగ్గుతుంది, ఎండిన చెట్టు వంటచెరకు కింద పోతుంది. కాబట్టి మునక ప్రాంతంలో చెట్లు లెక్కించే సిబ్బందిని నేను అడిగేది ఒకటే. జాతి, చుట్టుకొలత పక్కన తొర్రకూ, నిలువునా ఎండిన మానుకూ ఒక గడి పెట్టండి. వెంకట్రామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయం విద్యార్థులు వస్తానంటే టేపు ఎలా పట్టాలో నేను చూపిస్తాను. ఆ పని నీళ్లు ఇంకా ఎక్కని గట్ల మీద ఈ వేసవిలోనే మొదలుపెట్టొచ్చు.