ఒక్క అక్షరం తేడా

క్యాన్సర్ మీద తెలుగులో వచ్చే పుస్తకాలు చాలామటుకు భయపెడతాయి, లేదా పథ్యం చెబుతాయి. ఈ పుస్తకం రాసిన అమ్మాయి ఆ రెండింటి జోలికీ పోలేదు. రాస్ అనే చిన్న ప్రోటీనును పట్టుకుంది. ఉన్నవి 189 అమైనో ఆమ్లాలే. కణం ఎప్పుడు పెరగాలో, ఎప్పుడు ఆగాలో దానితోనే చెప్పించింది.

ఈ పుస్తకానికి ప్రాణం మూడో అధ్యాయం. జీటీపీ అనే అణువును పట్టుకుని ఉన్నంతసేపూ రాస్ 'పెరుగు' అన్న కబురు లోపలికి పంపుతూనే ఉంటుంది. జీటీపీలోని మూడో ఫాస్ఫేటు తెగి జీడీపీగా మారితే కబురు ఆగుతుంది. తనంతట తాను తెంచుకోవాలంటే రాస్‌కు మహా బద్ధకం. గ్యాప్ అనే మరో ప్రోటీను వచ్చి వేలు పెడితే ఆ పని లక్ష రెట్లు వేగంగా జరుగుతుంది. పన్నెండో స్థానంలో ఉండాల్సింది గ్లైసీన్. దాని పక్కగొలుసు ఒక్క హైడ్రోజన్ పరమాణువే. అక్కడ వాలీన్ వచ్చి కూర్చుంటే గ్యాప్ వేలికి చోటు చాలదు. ఆపేవాడు వచ్చినా కబురు ఆగదన్నమాట. మూత్రాశయ క్యాన్సర్ కణాల్లో ఈ తేడా 1982లో బయటపడింది. డీఎన్ఏలో మారింది ఒకే అక్షరం! ఆ పేజీలు రెండుసార్లు చదివాను.

ఓటములను దాచకపోవడం నాకు ఇంకా నచ్చింది. రాస్ కణపొరకు అతుక్కోవాలంటే కొవ్వు తోక కావాలి. దాన్ని తగిలించే ఎంజైమును అడ్డుకునే మందులు 1990లలో ఎంతో ఆశ పెట్టాయి. కానీ రాస్‌లలో ఒకటైన కె-రాస్ మరో ఎంజైము చేత తోక తగిలించుకుని తప్పించుకుంది. 2013లో షోకాట్ అనే శాస్త్రవేత్త బృందం జీ12సీ రకం (పన్నెండో స్థానంలో గ్లైసీన్ బదులు సిస్టీన్ ఉన్న) కె-రాస్ మీద ఒక చిన్న గుంట కనిపెట్టింది. ఆ దారినే సోటోరాసిబ్ అనే మందు వచ్చింది. దాన్ని ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు 2021లో అమెరికా అనుమతించింది. అయితే క్లోమ క్యాన్సర్లలో సుమారు పదింటికి తొమ్మిదింట కె-రాస్ మారి ఉన్నా, జీ12సీ రకం అరుదు. ఈ మాట రచయిత్రి మొహమాటం లేకుండా రాసింది.

ఒక్క లోటు. 1929లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి ఏటీపీని గుర్తించినవారు మన ఎల్లాప్రగడ సుబ్బారావు. జీటీపీ దానికి దగ్గరి చుట్టమే. ఆయన పేరు ఇందులో లేదు, మలిముద్రణలో చేర్చాలి.

బైపీసీ చదివే పిల్లలకు ఒక మాట: మూడో అధ్యాయంలోని బొమ్మను మీ చేత్తో ఒకసారి గీసుకోండి, తర్వాతే నాలుగో అధ్యాయం తెరవండి.