ఇష్టగీతములపై గ్రంథరచన – మూలమేది?

మౌలాలి కొండపాదమున ఒక తోటలో మహలఖా బాయి చందా సమాధి కలదు. తన తల్లికై ఆమెయే ఆ కట్టడమును నిర్మింపజేసి, 1824లో తానును అచ్చటనే విశ్రమించినది. 1768లో జన్మించిన ఈమె నిజాం అలీఖాను ఆస్థానమున గాయనిగా, నర్తకిగా, కవయిత్రిగా గౌరవము నందినది. కొండ హజ్రత్ అలీ పేర వెలసినది. ఆమె గజళ్ళలోను ఆ మహనీయుని స్మరణయే మరల మరల వినవచ్చును. 1798లో ఆమె గజళ్ళు నూటయిరువదియైదు ఒక దివానుగా కూర్పబడినవి. అవి సభలలో పాడుటకై పుట్టిన రచనలు. పుస్తకము నిలిచినది, కంఠము నిలువలేదు. ఏ గజలును ఏ బాణీలో పాడెనో, ఏ పదముపై ఎంతసేపు నిలిచెనో, ఏ చరణమును ఎన్నిమారులు తిప్పి పాడెనో నేడెవ్వరును చెప్పజాలరు.

పాటను గూర్చి పుస్తకము వ్రాయబూనినవారు ఈ సమాధియొద్ద కొంతతడవు నిలిచి ఆలోచింపవలెనని మా అభిప్రాయము. ఏలయన, తమకు ఇష్టమైన పాటలను కొన్నిటిని ఏరుకొని వానిపై ఒక గ్రంథము వ్రాయవలెనను కోరికతో మాయొద్దకు వచ్చు పరిశోధక విద్యార్థులు కలరు. వారికి రెండు విధములైన సమాధానములు లభించుచున్నవి. ‘ఇష్టము శాస్త్రము కాదు, పరిశోధనకు పనికిరాదు’ అని కొందరు. ‘పాటకు శాస్త్రమెందులకు? మనసునకు తోచినది వ్రాసిన చాలును’ అని మరికొందరు. ఈ రెండును మాకు సమ్మతములు కావు. ఇష్టము విమర్శకు ఆరంభము కాగలదు, ప్రమాణము కాజాలదు. ప్రమాణము మూలమునందు కలదు. అయితే పాటకు మూలమేది? ఈ ప్రశ్నను విచారించుటయే ఈ వ్యాసోద్దేశము.

ఆంగ్లభాషా దేశములలో ‘పాప్’, ‘రాక్’ అను పేర్లతో వ్యవహరింపబడు పాటలపై ఇట్టి గ్రంథములు ఇప్పటికే పెక్కు వెలువడినవి. వానిలో రెండింటిని ఇచ్చట స్మరింతుము. ఆంగ్ల నవలాకారుడు నిక్ హార్న్‌బీ ‘31 సాంగ్స్’ అను పేర తన ఇష్టగీతములపై వ్యాసములు వ్రాసెను. ఒక పాట విన్నంతనే ఏనాటి ప్రయాణమో, ఏనాటి స్నేహమో గుర్తునకు వచ్చుట సర్వసామాన్యము. ఆ జ్ఞాపకములను ప్రక్కకు పెట్టి, పాటలోనే ఉండి తన్ను ఆకర్షించిన గుణమును పట్టుకొనవలెనని ఆయన సంకల్పము. ఆ సంకల్పమును ఆయన అన్నిచోట్ల నిలుపుకొనెనని చెప్పజాలము గాని, సంకల్పము సరియైనది. రెండవది 2022లో బాబ్ డిలాన్ ప్రకటించిన ‘ది ఫిలాసఫీ ఆఫ్ మోడరన్ సాంగ్’. 2016లో నోబెల్ సాహిత్య బహుమతి నందిన ఈ గేయకర్త అరువదియారు పాటలపై వ్రాయుచు, తన పాటలను విడిచి పరుల పాటలనే ఎన్నుకొనెను. ఈ విషయము మనకు ముఖ్యమైనది.

తెలుగున ‘పాప్’ గీతముల స్థానమును చిరకాలముగా ఆక్రమించియున్నది సినిమాపాట. దండు విడిదిగా, రైల్వే కేంద్రముగా పెరిగిన సికింద్రాబాదున ఆంగ్ల నృత్యగీతములును వినబడినవి. కాని తెలుగువారి ఇంట, వీధిలో, పెండ్లిపందిరిలో మ్రోగినది సినిమాపాటయే. ఈ రెండింటికిని స్వరూపభేదము కలదు. రాక్ గీతములలో పెక్కింటికి రచయిత, స్వరకర్త, గాయకుడు ఒక్కడే. మన సినిమాపాటకు కర్తలు పలువురు. సన్నివేశము ఒకరిది, సాహిత్యము ఒకరిది, బాణీ ఒకరిది, కంఠము ఒకరిది, తెరపై పెదవి కదపినవారు వేరొకరు. కాగా ‘నాకీ పాట ఇష్టము’ అనునపుడు ఇష్టమైనది వీరిలో ఎవరి పని యను ప్రశ్న వెంటనే పుట్టును. ఆ ప్రశ్నను తప్పించుకొనిన గ్రంథము ఎంత రమ్యముగా వ్రాయబడినను విమర్శ కాజాలదు.

ఇక మన గ్రంథములను పరిశీలింతము. సి. నారాయణరెడ్డిగారు ‘పాటలో ఏముంది నా మాటలో ఏముంది’ అను పేర తమ సినిమాపాటల పూర్వాపరములను తామే చెప్పుకొనిరి. 1962లో ‘గులేబకావళి కథ’లోని పాటలన్నిటిని వ్రాసి చిత్రరంగమున ప్రవేశించిన ఈ కవి ఉర్దూ మాధ్యమమున చదివినవారు, ఉస్మానియా విశ్వవిద్యాలయమున తెలుగు ఆచార్యులు, తెలుగున గజళ్ళు వ్రాసి పాడినవారు. మౌలాలి కొండక్రింద మౌనము వహించిన ఆ గజలు మరొక భాషలో, మరొక కంఠమున పలికినదని భావించినను తప్పులేదు. ‘ఆధునికాంధ్ర కవిత్వము – సంప్రదాయములు, ప్రయోగములు’ అను సిద్ధాంతగ్రంథమున ఆయన కవుల నెందరినో తులనాత్మకముగా పరిశీలించిరి. తమ పాటల విషయమున ఆ పరిశీలకుడు వెనుకకు తగ్గి, జ్ఞాపకముల చెప్పరి ముందునకు వచ్చెను. గ్రంథనామమున రెండు ప్రశ్నలు కలవు. ‘నా మాటలో ఏముంది’ అనుదానికి ఆయనవద్ద సమృద్ధిగా సమాధానము కలదు. ‘పాటలో ఏముంది’ అనుదానికి సమాధానము చెప్పవలసినవాడు వినినవాడే.

సిరివెన్నెల సీతారామశాస్త్రిగారి ‘సిరివెన్నెల తరంగాలు’ కూడ కవి స్వయముగా తన పాటలను గూర్చి పలికిన గ్రంథమే. ఇట్టి స్వీయవ్యాఖ్యలు అమూల్యములు. కవి ఏమి తలంచి వ్రాసెనో ఇతరులు ఊహింపగలరే గాని సాక్ష్యము చెప్పలేరు. ఐనను సాక్షి వేరు, న్యాయనిర్ణేత వేరు. సాహిత్యము తనది గనుక కవి సహజముగా సాహిత్యమునే చూచును. తన మాట బాణీలో ఏమయ్యెనో, గాయకుని కంఠమున ఏ అర్థమును అదనముగా సంపాదించెనో చెప్పుట అతనికి కష్టము. డిలాన్ పరుల పాటలను ఎన్నుకొనుటలోని వివేకము ఇదియే.

శ్రోతల పక్షమున నిలిచి వ్రాసినవారిలో వి.ఎ.కె. రంగారావుగారిని ప్రత్యేకముగా పేర్కొనవలెను. వేలకొలది గ్రామఫోను రికార్డులను సేకరించిన వీరు ‘ఆలాపన’ శీర్షికతో వ్రాసిన వ్యాసములలో చెవి ప్రధానము. ఏ బాణీ ఎచ్చటినుండి వచ్చినది, రికార్డుపై ఎవరి పేరున్నది, ఎవరి పేరు లేకపోయినది అను విషయములను పట్టుదలతో తేల్చుట వీరి పద్ధతి. కొన్నిచోట్ల వీరి తీర్పులు కటువుగా తోచవచ్చును. కాని ఆ తీర్పు వెనుక రికార్డు కలదు. పైడిపాలగారు సినిమాపాట చరిత్రను పరిశోధనాంశముగా స్వీకరించి, గేయకవుల కృషిని క్రమబద్ధము గావించిరి. ఈ కృషి లేనిదే మన విద్యార్థులు అడుగు ముందునకు వేయజాలరు. అయినను చరిత్ర కవుల వెంట నడచినది. పాట కవి యొక్కనిది కాదని మనము ఇదివరకే గుర్తించితిమి.

ఒక ఉదాహరణమును తీసికొందము. 1957లో విడుదలయైన ‘మాయాబజార్’లోని నౌకావిహార యుగళగీతము తెలుగువారి ఇష్టగీతముల పట్టికలలో తరచుగా చేరునది. సాహిత్యము పింగళి నాగేంద్రరావుగారిది. పాడినవారు ఘంటసాల, పి. లీల. రాగము మోహనము. చిత్రమున సంగీతదర్శకునిగా ఘంటసాల పేరున్నది. కాని మొదట సాలూరి రాజేశ్వరరావుగారు కొన్ని బాణీలు కట్టి తప్పుకొనిరనియు, ఈ పాట బాణీ వారిదే యనియు ప్రసిద్ధము. ఇక దృశ్యమును చూడుడు. అభిమన్యుడు, శశిరేఖ మొదట నౌకపై విహరింతురు. పిదప కృష్ణుడు రుక్మిణితో, బలరాముడు రేవతితో అదే వెన్నెలలో, అదే పాటలో చేరుదురు. మూడు జంటలకును కంఠములు ఆ రెండే. లోకమున ఇది అసంభవము. పాటలో ఇదియే సౌందర్యము. యౌవనమునకు, నడివయసునకు, పెద్దరికమునకు ప్రేమ ఒక్కటే యని కవి ఎచ్చటను చెప్పలేదు. కంఠములు మారకుండుటచేత ఆ అర్థము పుట్టినది.

ఈ పాటను కాగితముపై చదివినచో పల్లవిలోని పదపునరుక్తి కేవలము ధ్వనివిలాసముగా తోచును. వినినచో అది తెడ్డువేటు. మధ్యమ నిషాదములు లేని మోహనమున స్వరము ఎచ్చటను తట్టుకొనక జారుచుండుటచే నీటిపై సాగు నౌక మనకు స్ఫురించును. కావున ఈ గీతము నచ్చుటకు కారణమును సాహిత్యమునందు మాత్రమే వెదకు విమర్శకుడు సగము మూలమును విడిచినవాడగును. బాణీని మాత్రమే పొగడువాడు కూడ అంతియే. ఆ పునరుక్తికి అనువైన పదమును పింగళి కూర్చనిచో ఆ బాణీ దేనిపై ఊగును?

మూలమనగా కంఠధ్వనితో కూడిన ముద్రణమని ఇంతవరకు తేలినది. అయితే ఆ ముద్రణములును ఒక్కటిగా లేవు. తాళపత్రప్రతులకు పాఠభేదములున్నట్లే పాటకును కలవు. సినిమాహాలు వద్ద అమ్మిన పాటలపుస్తకము ఒక ప్రతి. కథాసంగ్రహమును సగము చెప్పి, తక్కినది వెండితెరపై చూడుమని ముగించు ఆ పలుచని పుస్తకములను మా తరమువారు ఎరుగుదురు. తొందరలో అచ్చైన వానిలో అచ్చుతప్పులు మెండు. గ్రామఫోను రికార్డు రెండవ ప్రతి. నిమిషమునకు 78 చుట్లు తిరుగు రికార్డు ఒక వైపున సుమారు మూడు నిమిషముల పాటయే పట్టును. కనుక చిత్రములో దీర్ఘముగా నున్న పాట రికార్డుపై కుదించుకొనుట కలదు. చిత్రములోని పాట మూడవ ప్రతి. నేడు చేతిఫోనులో లభించునది నాల్గవది. అది ఏ ప్రతినుండి వచ్చినదో తెలియుట లేదు, తరచుగా కవి పేరైనను ఉండుట లేదు. వాద్యకారుల సంగతి చెప్పనక్కరలేదు. ఇష్టమైన పాటలోని వేణువును మెచ్చుకొని, దానిని వాయించినవాని పేరు తెలిసికొనుటకు ప్రయత్నింపని గ్రంథకర్త ఆ ఇష్టమునకు న్యాయము చేసినవాడు కాడు. తెలిసినవారు కాలగర్భమున కలసిపోవుచున్నారు; ఈ పని వాయిదా వేయదగినది కాదు.

ఇష్టమును గూర్చియు ఒక మాట. ఆలంకారికులు సహృదయునికి కావ్యానుశీలనాభ్యాసము వలయునన్నారు. పదే పదే చదువుటచే మనస్సు అద్దమువలె నిర్మలమగునని వారి ఆశయము. పాట విషయమున ఈ అభ్యాసమును మనకు కలిగించినది చాలవరకు రేడియో. 1952లో కేంద్ర సమాచారమంత్రి బి.వి. కేస్కర్ కాలమున ఆకాశవాణి సినిమాపాటలకు ద్వారము మూయగా, శ్రోతలు రేడియో సిలోనువైపు తిరిగిరి. 1957లో వివిధభారతి ఆరంభమయ్యెను. పిదప ‘జనరంజని’లో ఊరిపేర్లతో సహా శ్రోతల పేర్లు చదివి వారు కోరిన పాటలను వినిపించిరి. కాబట్టి మన ఇష్టము కేవలము మన స్వంతము కాదు; వినిపించినవానినుండి మనము ఏరుకొన్నది. వినిపింపబడని పాటలు ఇష్టముల పట్టికలోనికి రాలేదు. దీనిని గుర్తించిన గ్రంథకర్త తన ఇష్టమును తానే ప్రశ్నించుకొనగలడు. అట్లు ప్రశ్నించుకొనిన ఇష్టమే విమర్శకు పనికివచ్చునది.

ఇది మనకు క్రొత్త మార్గమును కాదు. వేటూరి ప్రభాకరశాస్త్రిగారి ‘చాటుపద్యమణిమంజరి’ లోకమున జనులు ఇష్టపడి నోటనుంచుకొన్న పద్యముల కూర్పు. ఆ పద్యములకు సందర్భకథ ప్రాణము. కాని కథను బట్టి పద్యము బాగున్నదనిపించుట ఒకటి, పద్యము బాగుండుటచే కథ పుట్టుట మరియొకటి. ఈ వివేకము ఇష్టగీతముల గ్రంథకర్తకును అవసరమే. పాటవెనుక కథలు నేడు కొల్లలు. ఒకే కథ ముగ్గురు గాయకుల పేర ప్రచారమగుట కూడ అరుదు కాదు.

మెతుకుసీమలోని కొలచెలమ వంశమువాడైన మల్లినాథసూరి తన వ్యాఖ్యానములకు రెండు నియమములు పెట్టుకొనెను: మూలమున లేనిది వ్రాయకుండుట, అపేక్షింపబడనిది పలుకకుండుట. ఇష్టగీతములపై వ్రాయుటకు ఇంతకంటె మంచి నియమములను మేము ఎరుగము. మొదటి నియమము చొప్పున, మన జ్ఞాపకమును పాటపై పులుమరాదు. ధ్వనిముద్రణమున వినబడుదానికే కట్టుబడవలెను. రెండవ నియమము చొప్పున, నటీనటుల ముచ్చటలతో పుటలు నింపరాదు. ఈ రెండింటిని పాటించిన విద్యార్థి ఇరువది పాటలపై మాత్రమే వ్రాసినను అది పరిశోధన యగును. పాటింపనివాడు రెండువందల పాటలపై వ్రాసినను అది పాటలపుస్తకమే.

మహలఖా బాయి కాలమున కంఠమును పట్టియుంచు సాధనము లేదు. ఆమె దివానును చదువువారు పదములతో తృప్తి నొందక తప్పదు. మనకట్టి నిర్బంధము లేదు. కంఠములు మన చేతిలో నుండగా, పదములను మాత్రమే చూచి పుస్తకములు వ్రాయుట మన లోపమే కాని కాలము చేసిన లోపము కాదు. పరిశోధక విద్యార్థులు ముందు విందురు గాక; మరల విందురు గాక; పిదప వ్రాయుదురు గాక.