థోరో వ్యాసము – కడుగుకొన్న చేతులు

అమెరికా రచయిత హెన్రీ డేవిడ్ థోరో 1849లో ప్రకటించిన శాసనోల్లంఘన వ్యాసమును గాంధీమహాత్ముని మూలమున మనవారు పెక్కురెరుగుదురు. అందు చెరసాల భాగమునే శ్రద్ధగ చదివి, వోటును గూర్చిన భాగమును దాటిపోవుదురు. నా చూపునకు ఆ వ్యాసము బలమును, బలహీనతయు అచ్చటనే యున్నవి.

వోటు ఒకవిధమగు జూదమని థోరో తలంపు. న్యాయమునకు వోటువేసి యింట కూర్చున్నవాడు న్యాయమునకు చేసినదేమియు లేదు. బాల్టిమోరులో ఎవరో కూడి నిలిపిన అభ్యర్థిని, వేరెవ్వరు దొరకుదురని అంగీకరించు పెద్దమనుష్యుని ఆయన ఎత్తిపొడుచును. ఇంతవరకు బాగు. కాని అన్యాయ నిర్మూలనమునకు జీవితము ధారపోయుట మనుష్యుని విధి కాదనియు, దానికి తోడ్పడక చేతులు కడుగుకొనుట మాత్రము విధియనియు చెప్పుచున్నాడు. ఇది చదివినప్పుడెల్ల మన యిండ్లలోని మడి నాకు జ్ఞప్తికి వచ్చును. మడికట్టుకొన్నవాడు తన్నెవరు తాకిరని చూచుకొనునేగాని, వాకిట దప్పికతో నిలిచినదెవరని చూడడు. తాను మరియొకని భుజములపై కూర్చుండరాదనియు థోరో అచ్చటనే యన్నాడు. ఆ కొలతతోనే ఆయనను కొలిచెదము.

1844లో జరిగిన అధ్యక్షుని ఎన్నికను చూడుడు. టెక్సాసును కలుపుకొని బానిసత్వపు సీమను పెంచదలచినవాడు పోల్కు. ఆ విషయమున అటునిటు ఊగినవాడు హెన్రీ క్లే. ఇద్దరును బానిసలు గలవారే. ఇద్దరిని కాదని లిబర్టీ పక్షమువారు, తన బానిసలను విడిచిపుచ్చిన జేమ్సు బర్నీని నిలిపిరి. న్యూయార్కు రాష్ట్రమున బర్నీకి 15,812 వోట్లు వచ్చెను; క్లేపై పోల్కు ఆధిక్యము 5,106 మాత్రమే. ఆ రాష్ట్రము దక్కియుండిన క్లేయే అధ్యక్షుడు. పోల్కు గెలిచెను, 1845లో టెక్సాసు కలిసెను, 1846లో మెక్సికోతో యుద్ధము. ఈ వ్యాసము దూషించు యుద్ధ మదియే! ఆ 15,812 మంది చేతులు శుభ్రముగనే యుండెను. భుజములు మాత్రము వోటులేని బానిసలవి.

సర్వనాశనము మూడినపుడు సగము విడుచువాడు పండితుడని మన నీతికారులందురు. క్లేకు వోటు వేయుమన్నవారి వాదమును అదియే. అయినను నీతికారుడు చెప్పిన సగము పండితుని సొంత సొత్తు. ఇచ్చట విడువబడునది పరుని స్వేచ్ఛ. నేనైనచో క్లేకే వేసియుందును. ఆ రాత్రి సుఖముగ నిద్రించియుండను.

మన దేశమున 2013 నుండి, పైవారెవ్వరును వలదను మీట వోటుయంత్రమున చేరినది. ఎన్నికల పనికి పోయిన బడిపంతులను గనుక ఆ యంత్రములతో నాకు పరిచయము కలదు. లోకసభ, శాసనసభ ఎన్నికలలో ఆ మీటకెన్ని వోట్లు పడినను, అభ్యర్థులలో అధికము వచ్చినవాడే గెలుచును. దానిని నొక్కితినని గర్వముగ చెప్పుకొను మిత్రులను చూచినపుడు, యింట కూర్చున్నవానిపై థోరో వేసిన అక్షేపణయే తగునని తోచును.

థోరో దీనిని మొదట ఉపన్యాసముగ చదివినది 1848 ఆరంభమున. ఆ యేడే లిబర్టీ పక్షమువారు పెక్కురు, క్రొత్తగా వెలసిన ఫ్రీ సాయిల్ పక్షమున చేరి వాన్ బ్యూరెనుకు వోటువేసిరి. రాజధాని ప్రాంతమున బానిసత్వమును తొలగించు యత్నమును ఎదిరింతునని 1837లో అధ్యక్షపదవి స్వీకరించుచు ప్రకటించినవా డాయనయే. వారు నాలుగేండ్లలో ఏమి నేర్చిరో థోరో విచారించి వ్రాసియుండినచో, ఆ పుటలు నాకు చెరసాల పుటలకంటె ప్రియములై యుండెడివి.