‘కొల్లేటి జాడలు’: కాంటూరు రేఖ, స్మృతిరేఖ

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఏర్పడిన కొల్లేరు లోతు తక్కువ మంచినీటి సరస్సు. 1999లో ఇది వన్యప్రాణి అభయారణ్యమైంది. 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. శీతకాలపు వలస పక్షులకు, ఆటపాకలో గూళ్లు కట్టే గూడబాతులకు ఇది ఆశ్రయం. ఈ సరస్సు వస్తువుగా అక్కినేని కుటుంబరావు రచించిన ‘కొల్లేటి జాడలు’ నవలను కేవలం స్మృతికథగా చదవడం సులభం. ఆ పఠనం చాలదని నిరూపించడం ఈ వ్యాసోద్దేశం.

ముందుగా శీర్షికను పరిశీలించాలి. వసంత కన్నబిరాన్ ఆంగ్లానువాదం పేరు ‘సాఫ్ట్‌లీ డైస్ ఎ లేక్’. అందులో సరస్సు మరణం స్పష్టంగా ఉంది. తెలుగు శీర్షికలో మరణ ప్రస్తావన లేదు. ‘జాడ’ అంటే పోయినదాని గుర్తు. దానిని వెదుక్కుంటూ వెళ్లే దారి కూడా. ఈ రెండవ అర్థం అనువాద శీర్షికలో లోపించింది.

అభయారణ్యానికి హద్దు సముద్రమట్టానికి 5 అడుగుల ఎత్తున గీసిన కాంటూరు. 2006లో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టినా, 2008లో హద్దును మూడవ కాంటూరుకు కుదించాలని శాసనసభ తీర్మానించినా వివాదమంతా ఆ అంకె చుట్టూ తిరిగింది. అయితే లోతు తక్కువ సరస్సుకు స్థిరమైన ఒడ్డు ఉండదు. అది వానలకు పరచుకొని వేసవిలో ముడుచుకుంటుంది. నీటిలో నడుస్తూ మేసే పక్షులకు కావలసిన పలుచని నీరు, తడి బురద ఈ మార్పు వల్లనే ఏర్పడతాయి. గట్టు కట్టి లోతుగా నీరు నిలిపిన చేపల చెరువులో ఆ అంచు ఉండదు. అంకెకు అందని ఈ కదలికను నవల మనుషుల పనిపాటల క్రమంగా నమోదు చేసింది. దాని ప్రామాణికత అక్కడే ఉంది.

స్మృతికి ఒక పరిమితి ఉంది. అది ఒడ్డున నిలిచి చూస్తుంది. నీరు ఎగువ నుండి వస్తుంది. రెడ్డిగూడేనికి పొరుగున మైలవరం కొండలలో పుట్టిన బుడమేరు కొల్లేటిలో కలుస్తుంది. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన వరద ఈ వాగును అందరికీ గుర్తుచేసింది. కనుక మెట్ట ప్రాంత పాఠకునికి కొల్లేరు పరాయి పల్లె కథ కాదు. తన వాగు కథకు చివరి ప్రకరణం. కొల్లేటి రచనలను డెల్టా సాహిత్యంగా మాత్రమే వర్గీకరిస్తే ఈ సంబంధం మరుగున పడుతుంది. పరీవాహక ప్రాంతాన్ని ప్రమాణంగా గ్రహించి, మెట్ట, డెల్టా రచనలను కలిపి చదవడం తెలుగు పర్యావరణ విమర్శకు నేటి అవసరం.