పొడవు ఎక్కడిది?

సి కోడ్ రివ్యూకి కూర్చుంటే నా కళ్లు ముందు కాపీ చేసే లైన్ల మీదే పడతాయి. రాసినవారికి తమ డేటా గురించి ఎంత తెలుసో ఆ లైన్లే చెప్పేస్తాయి.

స్ట్ర్‌కాపీ సున్నా బైట్ తగిలేదాకా కాపీ చేస్తూనే పోతుంది. అవతలి బఫర్‌లో చోటుందా లేదా అన్నది దానికి పట్టదు. ఆ భయంతో చాలామంది స్ట్ర్‌ఎన్‌కాపీకి మారతారు. పేరులో ‘ఎన్’ ఉంది కనుక ఇక ఢోకా లేదనుకుంటారు. అది పుట్టింది వేరే పనికి. పాత యూనిక్స్ డైరెక్టరీలో ఫైలు పేరుకు 14 బైట్ల గడి ఉండేది. పేరు పొట్టిదైతే మిగతా గడినంతా సున్నాలతో నింపాలి. సరిగ్గా 14 అక్షరాలైతే చివర సున్నా అక్కర్లేదు. స్ట్ర్‌ఎన్‌కాపీ నేటికీ చేసేది అదే. అందుకే పెద్ద స్ట్రింగ్ ఇస్తే ముగింపు లేకుండా వదిలేస్తుంది. 10 అక్షరాలను 4096 బైట్ల బఫర్‌లోకి పంపితే మిగిలిన 4086 బైట్లలోనూ సున్నాలు రాసుకుంటూ పోతుంది.

ఓపెన్‌బీఎస్‌డీ వాళ్లు 1998లో స్ట్ర్‌ఎల్‌కాపీ తెచ్చారు. బఫర్ సైజు సున్నా కానంతవరకూ అది చివర సున్నా పెడుతుంది, మూలం పొడవెంతో చెబుతుంది. గ్నూ సి లైబ్రరీ దాన్ని చేర్చుకునేసరికి 2023 వచ్చింది. వద్దన్నవారి వాదనలోనూ పస ఉంది. పట్టనంత మేర తెగిపోయిన ఫైలు పాత్ ఇంకో ఫైలుదై కూర్చోవచ్చు. ఫంక్షన్ చెప్పిన పొడవును ఎవరూ చూడకపోతే ఆ తెగడం ఎవరికీ తెలియదు.

నా మొగ్గు మెమ్‌కాపీ వైపే. పొడవు కొలవాలి, చోటు చాలకపోతే అక్కడే ఎర్రర్ ఇవ్వాలి, చాలితే చివరి సున్నాతో సహా కాపీ చేయాలి. రెండు చోట్లూ ఒకదానిపై ఒకటి పడితే మాత్రం మెమ్‌మూవ్ వాడాల్సిందే. 2010లో గ్నూ సి లైబ్రరీ కొన్ని ప్రాసెసర్లపై మెమ్‌కాపీని చివరి నుంచి మొదలుపెట్టేలా మార్చగానే ఫెడోరా 14లో ఫ్లాష్ శబ్దం గరగరలాడింది. స్టాండర్డ్ ప్రకారం తప్పు ఫ్లాష్‌దే. లైనస్ టోర్వాల్డ్స్ మాత్రం వాడుకునేవాళ్లకు ఆ చర్చతో పనేమిటని వాదించారు.

అందుకే రివ్యూలో ఫంక్షన్ పేరు కన్నా ముందు, ఆ పొడవు ఎక్కడి నుంచి వచ్చిందని అడుగుతాను. స్ట్ర్‌ఎన్‌కాపీకి మూలం స్ట్రింగ్ పొడవునే హద్దుగా ఇచ్చిన కోడ్ తరచూ కనిపిస్తుంది. హద్దు పెట్టాల్సింది చోటును బట్టి. వచ్చే సరుకే తన హద్దు తాను చెప్పుకుంటే ఇక కాపలా ఎందుకు?