సంచిలో పట్టినంత

మా అక్క కూతురు అమెరికాలో పుట్టి పెరిగిన పిల్ల. అక్కడ డిగ్రీలో చేరబోయే ముందు వేసవిలో నెల రోజులు మా ఇంట్లో ఉంది. పుదుచ్చేరి మేట్టుపాళయంలో చూడ్డానికేముంది? పారిశ్రామికవాడ షెడ్లు, వరసగా ఆగిన లారీలు, సాయంత్రమైతే టీ కొట్టు దగ్గర షిఫ్టు దిగిన జనం. పిల్లకి విసుగొస్తుందేమో అనుకున్నాం. తను మాత్రం రెండో రోజుకల్లా వీధి చివరి కుక్కతో స్నేహం కట్టేసింది. ఈ వీధిలో అందరూ దాన్ని మణి అంటారు. మధ్యాహ్నం ఎండ వేళ వరండాలో కూర్చుని ఓ సన్నటి నవల చదివేది.

"కాలేజీ వాళ్లు పంపారు మావయ్యా. కొత్తగా చేరేవాళ్లంతా ఇదే చదివి రావాలట."

"పరీక్ష పెడతారా?"

"లేదు. మాట్లాడుకుంటాం, అంతే."

ఒకే పుస్తకాన్ని అందరూ చదవడం మనకేమీ కొత్త కాదు. నాన్‌డిటెయిల్డ్ అనేవాళ్లం. ఒకే ఏడాది వేలాదిమంది పిల్లల చేతుల్లో ఒకే నవల ఉండేది. గైడు కొని, నాయకుడి పాత్ర గురించి రెండు పేజీలు రాసి, పరీక్ష హాలు మెట్లు దిగుతూ మర్చిపోయేవాళ్లం. చదివిన దాని గురించి పక్కవాడితో మాట్లాడమని ఎవరూ అడగలేదు. అమెరికాలో 1998లో సియాటిల్ గ్రంథాలయానికి చెందిన నాన్సీ పెర్ల్ ఊరంతా ఒకే పుస్తకం చదివితే ఎలా ఉంటుందని మొదలుపెట్టింది. 2001లో కార్నెల్ విశ్వవిద్యాలయం కొత్త విద్యార్థులందరికీ ఒకే పుస్తకమిచ్చి, చిన్న చిన్న బృందాలుగా కూర్చోబెట్టింది. తర్వాత ఎన్నో క్యాంపస్‌లు ఆ దారి పట్టాయి. ఆ దారిలో చాలాచోట్ల చేతులు మారిన చారిత్రక నవల మా పిల్ల తెచ్చినది. జూలీ ఒత్సుకా రాసిన 'వెన్ ది ఎంపరర్ వాజ్ డివైన్', 2002లో వచ్చింది. తన తర్వాత నేనూ చదివాను. నెల తిరక్కుండా రెండోసారి చదివాను.

చారిత్రక నవల అనగానే మనకు కోట, గుర్రం, రాజముద్ర కళ్లముందుకొస్తాయి. అడివి బాపిరాజు గారూ నోరి నరసింహశాస్త్రి గారూ మనకు ఆ రుచి మప్పారు. ఈ నవలలో అవేవీ లేవు. జపాన్‌తో యుద్ధం మొదలయ్యాక 1942 ఫిబ్రవరి 19న అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సంతకం చేసిన ఉత్తర్వుతో పశ్చిమ తీరం నుంచి సుమారు 1,20,000 మంది జపాన్ సంతతి వాళ్లను శిబిరాలకు తరలించారు. వాళ్లలో మూడింట రెండొంతులమంది అమెరికా పౌరులే. అలాంటి ఒక్క ఇల్లు ఈ కథ. తల్లి, కూతురు, కొడుకు, ముందే అరెస్టయిన తండ్రి. ఒత్సుకా తాతగారినీ అలాగే పట్టుకెళ్లారు. అమ్మమ్మ, తల్లి, మేనమామ యూటా ఎడారిలోని టోపాజ్ శిబిరంలో ఉన్నారు. ఇంత దగ్గరి బాధ ఉన్న మనిషి దాదాపు చివరిదాకా గొంతు పెంచదు.

మొదటి అధ్యాయం చూడండి. బర్కిలీలో ఎండ కాస్తున్న రోజు. గోడలమీద, చెట్లమీద రాత్రికి రాత్రి నోటీసులు వెలిశాయి. తల్లి కొత్త కళ్లద్దాలు పెట్టుకుని నోటీసంతా చదివి, నాలుగు ముక్కలు రాసుకుని, ఇంటికెళ్లి సామాను సర్దడం మొదలుపెడుతుంది. నోటీసులో ఏముందో రచయిత్రి వెంటనే చెప్పదు. ఆవిడ ఏం కొంది, ఏం దించింది, ఏ పెట్టెలో ఏం పెట్టింది, అదే చెబుతుంది. పెంపుడు జంతువుల్ని తీసుకెళ్లకూడదు. ఇంట్లో ముసలి కుక్క ఉంది. తల్లి దానికి అన్నం ముద్దలు, చేప, పచ్చి గుడ్డు కలిపి పెడుతుంది. తిన్నాక చెట్టుకు కట్టి, చచ్చినట్టు పడుకోమంటుంది. అది మాట వినే కుక్క, పడుకుంటుంది. ఆవిడ పార ఎత్తుతుంది. పాతిపెట్టి, చేతులు కడుక్కుని, పిల్లలు బడినుంచి వచ్చే వేళకు మళ్లీ తల్లి అయిపోతుంది.

ఆ ఘట్టంలో ఒక్క విశేషణమైనా ఏడవమని చెప్పదు. ముందు పెట్టిన ముద్దలు చాలు. రచయిత్రి మొదట చిత్రకారిణి కావాలని సాధన చేసిన మనిషి. ఏ రంగు వెయ్యాలో ఎంత తెలుసో, ఎక్కడ కాగితం ఖాళీగా వదలాలో అంత తెలుసు. ఆ ఖాళీల్లో పెద్దది పేర్లు లేకపోవడం. నలుగురిలో ఎవరికీ పేరు లేదు. హార్డ్‌వేర్ షాపు యజమానికి పేరుంది. కుక్కనూ 'వైట్ డాగ్' అని పిలుస్తారు. తరలింపులో ఇంటివాళ్లందరికీ కలిపి ఒక నంబరిచ్చారు. శిబిరంలో పిల్లవాడు ఓ తాబేలును పెట్టెలో పెంచుతూ, దాని డిప్పమీద ఆ నంబరే గీకుతాడు. తనకు జరిగిందే దానికి చేస్తున్నానని వాడికి తెలియదు. రచయిత్రి కూడా చెప్పదు.

తండ్రిని పట్టుకెళ్లిన రాత్రి ఆయన కాళ్లకు ఇంట్లో వేసుకునే స్లిప్పర్లే ఉన్నాయి. పిల్లవాడికి గుర్తుండిపోయినది అదే. నాన్నని బూట్లు తొడుక్కోనివ్వలేదన్న అవమానం ముందు, యుద్ధమెందుకొచ్చిందన్న ప్రశ్న వాడికి చిన్నది. అధ్యాయానికో చూపు మారుతుంది: తల్లి, కూతురు, కొడుకు, తర్వాత పిల్లలిద్దరూ కలిసి 'మేము' అని చెప్పే భాగం. చివర నాలుగు పేజీలు తండ్రి గొంతు. చెయ్యని నేరాలన్నీ ఒక్కొక్కటే తన నెత్తినేసుకుంటాడు. పుస్తకమంతటిలో గట్టిగా వినబడే గొంతు అదొక్కటే. మొదటిసారి చదివినప్పుడు ఆ భాగం అతకలేదనిపించింది. రెండోసారికి తెలిసింది, అంతకుముందు పట్టిన మౌనమంతా దానికోసమే.

క్యాంపస్‌లో ఈ నవల చుట్టూ ఏం చేస్తున్నారో ఆగస్టు నుంచి మా పిల్ల ఫోన్లో చెబుతూ వచ్చింది. నాకు నచ్చింది వాటి వరస. మొదటే ఉపన్యాసం పెట్టలేదు. హాస్టల్ హాల్లో ఒక పాత సూట్‌కేసు తెరిచి పెట్టి, పక్కన కాగితాలూ పెన్సిళ్లూ ఉంచారు. వారంలో ఇల్లు వదలాలి, చేత్తో మోయగలిగినంతే తీసుకెళ్లాలి, ఏం తీసుకెళ్తారో రాసి గోడకంటించండి అన్నారు. అది అయ్యాకే పదిహేనేసి మందిని కూర్చోబెట్టారు. వీళ్ల బృందాన్ని నడిపింది కెమిస్ట్రీ మాస్టారు. సాహిత్యం ఆయన సబ్జెక్టు కాదు గనక పిల్లలు భయపడకుండా మాట్లాడారట. ఆ తర్వాత లైబ్రరీలో డొరోథియా లాంగ్ ఫోటోలు పెట్టారు. 1942లో ప్రభుత్వమే ఆమె చేత తీయించి, యుద్ధం ముగిసేదాకా సైన్యం బయటికి రానివ్వని ఫోటోలవి. ఓక్లాండ్‌లో ఒక కిరాణా కొట్టుకు 'నేను అమెరికన్‌ని' అని పెద్ద అక్షరాలతో కట్టిన బోర్డు వాటిలో ఉంది. నవల చదవకుండా చూస్తే అది బోర్డే. చదివి చూసినవాళ్లకి దాని వెనక సామాను సర్దుతున్న చేతులు కనబడతాయి.

చివరికి తమ ఇంటి ముచ్చటకొచ్చారు. అప్పట్లో విశ్వవిద్యాలయాలేం చేశాయి? చదువు మధ్యలో ఆగిపోయిన జపాన్ సంతతి విద్యార్థుల సంగతేమిటి? కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 2009లో వాళ్లకు గౌరవ డిగ్రీలివ్వాలని నిర్ణయించింది. అప్పటికి బతికున్నవాళ్లకు ఎనభై దాటింది. కొందరి తరఫున పిల్లలూ మనవలూ వచ్చి అందుకున్నారు. నవలలోని ఇల్లు ఉన్నది బర్కిలీలోనేనని గుర్తొస్తే ఈ కబురు ఇంకోలా వినబడుతుంది.

"మన దగ్గర ఇలా జరిగిందా మావయ్యా?" అని ఒక రాత్రి అడిగింది. 1962లో చైనాతో యుద్ధమప్పుడు మన దేశంలోని చైనా సంతతి వాళ్లను సుమారు మూడు వేలమందిని రాజస్థాన్‌లోని దేవ్‌లీకి పంపిన సంగతి చెప్పాను. అటునుంచి చాలాసేపు మాట రాలేదు.

అప్పట్నుంచి కాలాపేట వైపు వెళ్లినప్పుడల్లా ఒక ఆశ కలుగుతోంది. అక్కడ 1985లో పెట్టిన విశ్వవిద్యాలయం ఉంది. ఈ ఊరికి తన నవలా ఉంది. ప్రపంచన్, ఆనందరంగపిళ్ళై డైరీని ఆధారం చేసుకుని తమిళంలో 'మానుడం వెల్లుం' రాశారు. దాని తరువాయి 'వానం వసప్పడుం'కు 1995లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఫ్రెంచి గవర్నరు డూప్లే దగ్గర దుబాసీగా పనిచేసిన పిళ్ళై 1736 నుంచి చనిపోయేదాకా రాసుకున్నదే ఆ డైరీ. ఆయన పేరు పెట్టిన రంగపిళ్ళై వీధి, ఆయన ఇల్లు బజారుకు దగ్గరే ఉన్నాయి. తెలుగువాళ్లకీ ఇందులో వాటా ఉంది. కస్తూరి రంగకవి తన ఛందోగ్రంథాన్ని ఆయన పేరనే 'ఆనందరంగరాట్ఛందము'గా చెప్పాడు. మన బుర్రకథల్లో బొబ్బిలి మీదికొచ్చే బుస్సీ డూప్లే పంపగా దక్కనుకు వెళ్లినవాడే. యానాం నుంచి వచ్చిన పిల్లా, కారైకాల్ నుంచి వచ్చిన పిల్లవాడూ ఒకే ఏడు ప్రపంచన్ నవల చదివి, ఓ ఉదయం ఆ వీధిలో కలిసి నడిస్తే, నేనూ వెనకాలే నడుస్తాను.

సూట్‌కేసు గోడ ఫోటో మొన్న పంపింది. వందలకొద్దీ కాగితాలు. తనదెక్కడుందో గుర్తుపట్టమంది. ఫోను పెద్దది చేసుకుని వెతికాను. ఛార్జరు, మందులు, అమ్మమ్మ శాలువా అన్న జాబితా దగ్గర ఆగాను. అన్నిటికంటే పైన రాసిన పేరొకటి, నియమం గుర్తొచ్చి కాబోలు, పెన్సిల్‌తో కొట్టేసి ఉంది. అయినా చదవడానికి వస్తోంది. మణి.