ప్లాస్టిక్ డబ్బాలపై వ్రాతలు - ఒక విమర్శ

వేసవిలో ఆవకాయ పెట్టు రోజులలో మా అమ్మ కొత్తగా కొన్న ప్లాస్టిక్ డబ్బా నొకదానిని నా చేతికిచ్చి, "ఏరా, ఇందులో బిపిఏ అనేది లేదని అచ్చువేశారు. అయితే ఆవకాయ పెట్టుకోవచ్చునా?" అని అడిగినది. రసాయనశాస్త్రము బోధించువాడనై యుండియు వెంటనే సమాధానము చెప్పలేకపోతిని. ఆమె అడిగిన దానికి ఆ డబ్బాపై ఎక్కడను జవాబు లేదు.

ఆ డబ్బాపై మూడు గుర్తులున్నవి. "బిపిఏ లేదు" అను ప్రకటన ఒకటి. అడుగున త్రికోణములో 5 అను అంకె రెండవది. మైక్రోవేవ్ పొయ్యిలో పెట్టవచ్చునని తెలుపు బొమ్మ మూడవది. ఇవి అబద్ధములని నేననుట లేదు. వంటింటిలో తెలియవలసిన సంగతిని ఇవి చెప్పుచున్నవా అనునదే ఇచట విచారణ.

మొదటి వ్రాతను చూతము. బిపిఏ అనగా బిస్‌ఫినాల్-ఏ. దీనిని 1891లో రష్యా దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు డయానిన్ తయారుచేసెను. ఇది ఈస్ట్రోజెన్ అను స్త్రీ హార్మోను వలె కొంతవరకు పనిచేయునని 1936లో ఇంగ్లండులో డాడ్స్, లాసన్ అను వారు ఎలుకలపై పరిశోధించి చూపిరి. 1953లో దీనినుండి పాలికార్బొనేట్ అను గట్టి, పారదర్శకమైన ప్లాస్టిక్ వెలువడినది. పాలసీసాలు, పెద్ద నీటి డబ్బాలు దానితో చేసిరి. శిశువుల పాలసీసాలలో దీని వాడకమును ఐరోపా సమాఖ్య 2011లో నిషేధించినది. అమెరికా 2012లో అనుమతిని తొలగించినది. మన దేశములో పాలసీసాల ప్రమాణము 2015లో ఇట్టి మార్పునే పొందినది. 2023లో ఐరోపా ఆహార భద్రతా సంస్థ, మనిషి ప్రతిదినము తీసికొనినను హాని లేదనదగిన మోతాదును శరీరపు బరువు కిలో ఒక్కింటికి 4 మైక్రోగ్రాముల నుండి 0.2 నానోగ్రాములకు తగ్గించినది. అనగా 20,000 రెట్లు తగ్గింపు. జర్మనీ దేశపు సంస్థ ఇంత తగ్గింపు అవసరము లేదని వాదించినది. అయినను ఆహారమును తాకు వస్తువులలో బిపిఏను నిషేధించు నిబంధనను ఐరోపా సమాఖ్య 2024 డిసెంబరులో చేసినది. కనుక బిపిఏను గూర్చిన జాగ్రత్త నిరాధారమైనది కాదు.

అయితే మా డబ్బా సంగతి వేరు. అడుగున గల 5 అను అంకె అది పాలీప్రొపిలీన్ అని తెలుపుచున్నది. ప్రొపిలీన్ అను వాయువు అణువులు వేలకొలది గొలుసుగా కూడినచో ఈ ప్లాస్టిక్ ఏర్పడును. ఇందులో బిపిఏకు పాత్ర లేదు. ఉప్పు పొట్లముపై "ఇందులో మిరపకారము లేదు" అని అచ్చువేసిన ఎట్లుండునో ఇదియు నట్లే యున్నది. మాట నిజమే, కొనువానికి కలుగు ధైర్యము మాత్రము అవసరమైన దానికంటె ఎక్కువ. మరియొక చిక్కు కలదు. బిపిఏ నిజముగా వాడుచుండిన కొన్ని చోట్ల దానికి బదులు బిస్‌ఫినాల్-ఎస్ వంటి దాయాదులు వచ్చినవి. వీటి అణునిర్మాణము బిపిఏను పోలియున్నది. హార్మోనును అనుకరించు గుణము వీటిలోను కనబడినది. పేరు పోయినంత మాత్రమున గుణము పోదు.

ఇక త్రికోణములోని అంకె. దీనిని 1988లో అమెరికా ప్లాస్టిక్ పరిశ్రమవారు ప్రవేశపెట్టిరి. వాడి పారవేసిన ప్లాస్టిక్‌ను రకముల వారీగా ఏరుటకై ఇది పుట్టినది. ఆహార భద్రతకు మార్కులు వేయుటకు కాదు. "2, 4, 5 మంచివి, తక్కినవి చెడ్డవి" అని మనలో పలువురు ఉపాధ్యాయులు విద్యార్థులకు చెప్పుచున్నారు. నేనును చెప్పితిని. ఇది సరికాదు. 7 అనగా "ఇతరములు" అని మాత్రమే. పాలికార్బొనేట్ అందులోనిదే, పిండిపదార్థము నుండి చేయు పాలీలాక్టిక్ ఆమ్లమును అందులోనిదే. ప్లాస్టిక్‌లో కలిపిన రంగులు, నిలువయుంచు ద్రవ్యములు ఏవో కూడ ఆ అంకె చెప్పదు.

మూడవది మైక్రోవేవ్ బొమ్మ. సాధారణముగా దీనినిబట్టి మనకు తెలియునది, డబ్బా ఆ వేడికి వంగిపోదని, కరిగిపోదని. కాని డబ్బా రూపము చెడకుండుట వేరు, డబ్బాలోని చిన్న అణువులు ఆహారములోనికి పోకుండుట వేరు. ఈ పోకకు శాస్త్రజ్ఞులు "వలస" అని పేరిడిరి. వలసను పెంచునవి ముఖ్యముగా మూడు: వేడి, కాలము, ఆహారపు స్వభావము. ప్లాస్టిక్‌లోని చిన్న అణువులలో అనేకములు నీటికంటె నూనెలో సులువుగా కరగును. అందుచేత నూనె గల ఆహారము, అందునను వేడిగా నున్నది, ఎక్కువకాలము నిలువయున్నది, వలసకు అనుకూలము. పోపునూనె వేడి తరచుగా 160 డిగ్రీలు దాటును. పాలీప్రొపిలీన్ కరగు ఉష్ణోగ్రతయు సుమారంతే.

దీనికి ప్రయోగశాల అక్కరలేని నిదర్శనమొకటి కలదు. పసుపు వేసిన వేడి కూరను ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, మరునాడు ఎంత తోమినను పసుపు మరక పోదు. పసుపులోని కర్‌క్యుమిన్ అణువులు నూనెతో కూడ ప్లాస్టిక్‌లోనికి చొరబడినవి. కర్‌క్యుమిన్ అణుభారము 368, బిపిఏది 228. అంత పెద్ద అణువు లోనికి పోగలిగిన దారిన చిన్న అణువులు వెలుపలికి రాగలవని విద్యార్థి తానే ఊహింపగలడు.

భయపెట్టుట నా ఉద్దేశము కాదు. మన దేశపు 2018 నాటి నిబంధనల ప్రకారము ప్లాస్టిక్ నుండి ఆహారములోనికి వలసపోవు మొత్తము కిలో ఒక్కింటికి 60 మిల్లీగ్రాములు మించరాదు. దీనిని నీటితో, 3 శాతము ఎసిటిక్ ఆమ్లముతో, నూనెకు బదులు హెప్టేన్ వంటి ద్రవములతో పరీక్షింతురు. ఇది మంచి ఏర్పాటు. కాని ఇందు తూచునది మొత్తము బరువును. ఆ బరువు దేనిదో దీనివలన తెలియదు. ఏ ద్రవముతో, ఎంత వేడిలో, ఎన్నిగంటలు పరీక్షించిరో కొనువానికి డబ్బాపై కనబడదు. నా ఆక్షేపణ ఇచటనే. లేనిదాని పేరుకు చోటు దొరకినపుడు, "ఇంత వేడివరకు, ఈ ఆహారమునకు, ఇంతకాలము" అని వ్రాయుటకు చోటు దొరకదా?

అట్టి వ్రాత వచ్చువరకు ఈ విచక్షణ చాలును. చల్లని, పొడి సరకులకు మంచి పాలీప్రొపిలీన్ డబ్బా వాడవచ్చును. వేడివి స్టీలులోను, నూనె, పులుపు, ఉప్పు కలిసి ఏడాది నిలువయుండునవి గాజులోను, పింగాణిలోను ఉంచుట మేలు. రంగులకు, మందులకు వాడిన డబ్బాలను ఆహారమునకు వాడనే రాదు.

మా అమ్మకు నేనిదే చెప్పితిని. ఆవకాయ పాత జాడీలోనికి పోయినది. కొత్త డబ్బాలో కందిపప్పు పోసినది. ఉపాధ్యాయులు ఒకనాడు విద్యార్థులచే ఇంటినుండి డబ్బాలు తెప్పించి, వాటిపై వ్రాతలను తరగతిలో చదివించుదురు గాక. ఒక్కొక్క వ్రాత ఏమి చెప్పుచున్నది, ఏమి చెప్పుట లేదు అని రెండు వరుసలలో వ్రాయించిన, రెండవ వరుసయే పొడవైనదిగా కనబడును.